కొత్త ట్యూబా, పాత శ్రుతి గొడవ

కొత్త ట్యూబా (బ్యాండులో ఊదే పెద్ద ఇత్తడి బాకా) అనగానే "ఇంక శ్రుతి గొడవ ఉండదులే" అనేవాళ్లని ఏం చేయాలి? కొత్తదైనా పాతదైనా బి-ఫ్లాట్ స్వరానికి కట్టిన ట్యూబాలో ఒకటి, మూడు వాల్వులు (నొక్కితే గాలికి అదనపు గొట్టం తెరిచే మీటలు) కలిపి నొక్కితే శ్రుతి పైకి పోతుంది. మూడింటినీ నొక్కితే మరీ ఘోరం. ఒక్కో వాల్వుకి గొట్టం పొడవు విడిగా లెక్కేసి పెడతారు, కలిపి నొక్కినప్పుడు అది చాలదు. నాలుగో వాల్వు ఉంటే ఒకటి, మూడు బదులు అదొక్కటే నొక్కాలి. లేదంటే మూడో స్లైడ్ (మూడో వాల్వు గొట్టం పొడవు మార్చే జారుడు ముక్క) లాగి పెట్టుకోవాలి. ఆ వాల్వు నొక్కి పట్టుకుని లాగండి బాబూ, లేకపోతే టప్పుమని పేలుతుంది!

పైగా హైదరాబాద్ ఎండ. గొట్టంలో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే శ్రుతి దాదాపు మూడు సెంట్లు (సెంటంటే అర్ధస్వరంలో నూరోవంతు) పెరుగుతుంది. మే నెలలో బరాత్‌తో రోడ్డు మీద ఊది, ఏసీ ఫంక్షన్ హాల్లో అడుగుపెడితే సర్రున దిగుతుంది. కీబోర్డు వాయించేవాడేమో మనల్నే గుడ్లురిమి చూస్తాడు. వాడి పెట్టెకి ఎండా చలీ ఒకటే మరి. మెయిన్ స్లైడ్ (మొత్తం గొట్టం పొడవు మార్చేది) లోపలికి తోద్దామంటే, సెంటీమీటరు తోస్తే పెరిగేది ఆరు సెంట్లే. అప్పటికే మొత్తం లోపలే ఉంటే తోయడానికి ఏం మిగిలింది?

ఫోన్ ట్యూనర్ (శ్రుతి ఎంతుందో సూదితో చూపే యాప్) ఇంకో తలనొప్పి. కింది బి-ఫ్లాట్ స్వరం 58 హెర్ట్జ్. ఆ చిన్న మైకుకి అది అందక, సూది పూనకం వచ్చినట్టు ఊగుతుంది. ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన ఊది చూసుకుని, కిందిది చెవితో సర్దుకోవడమే.