ఓమ్ ఏ దేశస్థుడైతే మా తమ్ముడికేంటి?

మా తమ్ముడు పరీక్ష తప్పాడు. నాలుగంటే నాలుగు మార్కుల్లో పోయింది. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నదాన్ని ఫోన్ చేసి లేపి, "అక్కా, పోయింది" అని పెట్టేశాడు. ఇక నాకు నిద్రెక్కడిది? గుంటూరు ఎండ, పైగా కరెంటు కోత, పైగా ఈ మంట. పోస్టు పొడుగైతే తిట్టుకోకండి.

వాడు విజయవాడ సింగ్‌నగర్‌లో పంతొమ్మిదేళ్లుగా హౌస్ వైరింగ్ చేస్తున్నాడు. సర్టిఫికెట్ ఉంటేనే అపార్ట్‌మెంట్ పనులిస్తామని బిల్డర్లు మెలిక పెడితే, ఫీజు కట్టి, రెండు రోజుల కూలి పోగొట్టుకుని వెళ్లి రాశాడు. అడిగినవి వినండి. కరెంటు సూత్రం చెప్పిన శాస్త్రవేత్త ఓమ్ ఏ దేశస్థుడు? 132 కేవీ టవర్‌ మీద ఇన్సులేటర్ డిస్కులు ఎన్ని? అయ్యా, మావాడు ఎక్కేది ఆరడుగుల స్టూలు! గీజర్ లైనుకి ఎన్ని మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టబోతే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టాలో అడగొచ్చుగా? 30 అని నిద్రలో లేపినా చెప్తాడు. అది అడగరు, మనిషి ప్రాణం కాపాడేది కదా మరి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది గుర్తుందా? నీళ్లు తీశాక జనానికి ఒకటే తొందర, ఫ్యాను తిరగాలి, ఫోన్ ఛార్జింగ్ ఎక్కాలి. ఒక ఇంట్లో పెద్దావిడ మెయిన్ ఎత్తబోతుంటే మావాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఫ్యూజు క్యారియర్ లాగితే లోపలినుంచి బురద నీళ్లు కారాయంట. ఎర్త్ తీగ ఎప్పుడో ఊడిపోయి గోడకి వేలాడుతోంది. బోర్డులు విప్పి, కడిగి, ఆరబెట్టి, మెగ్గర్ (తీగల్లో కరెంటు లీకవుతుందేమో చూసే మీటరు) పెట్టి చూశాకే కరెంటు ఇచ్చాడు. అలా ఎన్ని ఇళ్లు తిరిగాడో వాడికే లెక్కలేదు. తడిసిన బోర్డు గురించి పరీక్షలో ఒక్క ప్రశ్న, ఒక్కటి, ఉందా? లేదు. ఓమ్ గారి పాస్‌పోర్టు మాత్రం కావాలి.

ప్రశ్నపత్రం తయారుచేయడానికి ఒక పద్ధతి ఉంటుంది. జాబ్ అనాలిసిస్ అంటారు. నేను నర్సుని; మా వార్డులో ఎన్‌క్లెక్స్, అంటే అమెరికా నర్సు లైసెన్సు పరీక్షకి, చదివే పిల్లలు చెప్తే తెలిసింది. (ఆ పిల్లలు పాసై అమెరికా పోతారు, వాళ్ల నైట్లు నా నెత్తిన పడతాయి, అది వేరే పోస్టు.) అక్కడ మూడేళ్లకోసారి, కొత్తగా లైసెన్సు వచ్చిన నర్సులనే అడుగుతారంట: ఈ పని ఎంత తరచుగా చేస్తున్నావు, రోగికి ఇదెంత ముఖ్యం అని. ఆ జవాబుల్ని బట్టే ఏ విషయం నుంచి ఎన్ని ప్రశ్నలో తేలుతుంది. కొత్తవాళ్లనే ఎందుకంటే, లైసెన్సు ఇచ్చేది పనిలో చేరేవాళ్లకి కాబట్టి. ఏడాదికోసారే వచ్చే పనైనా, తప్పితే ప్రాణం పోయేదైతే దానికీ చోటు ఇస్తారు. బురద బోర్డు అచ్చంగా అలాంటిదే కదా!

మన దగ్గర లేదా అంటే, ఉంది, కాగితం మీద. ఏ పనివాడికి ఏం వచ్చుండాలో రాసిన నేషనల్ ఆక్యుపేషనల్ స్టాండర్డ్స్ అని ఉన్నాయి. మావాడి పేపర్ రాసినాయన వాటి మొహం చూసినట్టు లేడు. లెనిన్ సెంటర్‌లో పాత బిట్ బ్యాంక్ కొనుక్కుని పొయ్యుంటాడు. టెస్టు ట్రాక్ మీద '8' వేయించి డ్రైవింగ్ లైసెన్సిస్తారు, బెంజి సర్కిల్లో ఎవరండీ ఎనిమిదులు వేసేది?

అసలు నా కడుపుమంట వేరే ఉంది, చెప్పేస్తాను. నాలుగేళ్ల కింద మా ఆసుపత్రిలో ఇన్‌ఛార్జ్ సిస్టర్ పోస్టుకి రాతపరీక్ష పెట్టారు. నైటింగేల్ ఏ సంవత్సరంలో పుట్టింది అని అడిగారు. 1820, మే 12, తేదీతో సహా రాశాను. అయినా రెండు మార్కులు తక్కువొచ్చాయి. ఇన్‌ఛార్జ్ చేసే పనేంటి? రోస్టర్ వేయడం, ఇద్దరు సెలవు పెట్టినరోజు ముప్పై మంచాలు నడిపించడం, హ్యాండోవర్లో ఏదీ జారిపోకుండా చూడటం. ఒక్క ప్రశ్న లేదు. పోస్టు వచ్చినావిడ ప్రతి నెలా ఇరవై ఎనిమిదో తారీఖున వచ్చి, "సిస్టర్, కాస్త ఈ నెల రోస్టర్ వేసిపెట్టరా, మీకైతే చేతి అలవాటు" అంటుంది. వేసిపెడతాను. నా పేరు పక్కన నైట్లు నేనే రాసుకుంటాను, చూడండి నా ఖర్మ.

ఇందాక వాడే మళ్లీ ఫోన్ చేశాడు. "అక్కా, మళ్లీ ఫీజు కట్టమంటావా?" అని. కట్టరా అన్నాను. ఓమ్ ది జర్మనీ, చేతి మీద రాసుకో అన్నాను.