రెనాత్ అంటే ఏంటి?

పోయిన నెల ఒక స్నేహితుడి కొడుకు బారసాలకి వెళ్ళాం. పళ్ళెంలో బియ్యం పరిచి, బంగారు ఉంగరంతో పేరు రాయించారు. తల్లి పేరులోంచి ఒక అక్షరం, తండ్రి పేరులోంచి రెండు. పలకడానికి హాయిగా ఉంది. ఇంతలో ఓ పెద్దావిడ "అర్థం ఏంటి నాయనా?" అని అడిగారు. తండ్రికి టెన్షన్ పట్టుకుంది. ఫోన్ తీసి కాసేపు వెతికి, "సంస్కృతంలో సూర్యకిరణం అండీ" అన్నాడు. మూడు వారాల కిందట వీళ్ళు అల్లిన పేరుకి సంస్కృతంలో అర్థం ఎక్కణ్ణించి వచ్చింది?

ఇలాంటి చోట నాకు రెనాత్ గుర్తొస్తాడు. మనిషి కాదు, పేరు. రష్యాలో వోల్గా నది ఒడ్డున, కజాన్ నగరం వైపు ఉండే తాతార్లు మగపిల్లలకి పెట్టుకునే పేరు. రినాత్ అని కూడా అంటారు. తాతార్లలో ఎక్కువమంది ముస్లింలు. అరబ్బీ, పారశీక పేర్లు వాళ్ళకి కొల్లలు. సొంత తుర్కీ పేర్లూ ఉన్నాయి. తిమెర్ అంటే ఇనుము. బిడ్డ గట్టిగా బతకాలని పెట్టేవారు, మన పల్లెల్లో పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతివాడికి పెంటయ్య అని పెట్టినట్టే.

1917 విప్లవం తర్వాత కొత్తరకం పేర్లు మొదలయ్యాయి. రష్యన్‌లో రెవల్యూత్సియా అంటే విప్లవం, నాఊకా అంటే శాస్త్రం, త్రూద్ అంటే శ్రమ. మొదటిదాని 'రె', రెండోదాని 'నా', మూడోదాని 'త్'. అంతే, రెనాత్! ఆ రోజుల్లో లెనిన్‌ని తిరగేసి నినెల్ అని ఆడపిల్లలకి పెట్టినవాళ్ళూ ఉన్నారు. రెనాత్‌కి ఇంకో దారి కూడా ఉంది. లాటిన్ రెనాతుస్, అంటే మళ్ళీ పుట్టినవాడు. పేర్ల పుస్తకాల్లో రెండూ కనిపిస్తాయి. వినడానికి లాటిన్ అర్థమే గొప్పగా ఉంటుంది. నాకు మాత్రం మొదటిదే ఇష్టం.

ఎందుకంటే దాంట్లో ఒక కాలం కనబడుతుంది. మూడు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుల్లో సోవియట్ గోల్ కాసిన దసాయెవ్ పూర్తి పేరు చూడండి: రినాత్ ఫైజ్‌రహ్మానొవిచ్ దసాయెవ్. రష్యాలో పేరు పక్కన తండ్రి పేరు చేరుస్తారు. ఫైజ్‌రహ్మాన్ అంటే దయామయుడైన దేవుడి అనుగ్రహం. 1996లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ గుండెకి బైపాస్ చేసిన సర్జన్ అక్చురిన్ కూడా రెనాతే, తండ్రి పేరు సులేమాన్. తండ్రి పేరులో మసీదు, కొడుకు పేరులో కొత్త కాలం. తరం మారిన సంగతి రెండు మాటల్లో తెలిసిపోతుంది.

అది పార్టీ నినాదం కదా, అదీ ఒక పేరేనా అనొచ్చు. మనం స్వరాజ్యం అని పెట్టుకోలేదా? మల్లు స్వరాజ్యం గారి పేరుకి ఎవరైనా వేదాల్లో మూలం వెతికారా? అమ్మానాన్నల పేర్లు కలిపి పేరు అల్లడం నాకు ముచ్చటగానే ఉంటుంది. దానికి దొంగ సంస్కృతం అతికించడమే నచ్చదు.

"వాళ్ళమ్మ పేరూ నా పేరూ కలిపామండీ" అంటే ఆ పెద్దావిడ సంతోషంగా అక్షింతలు వేసి వెళ్ళేవారు. ఇప్పుడు ఆ పిల్లాడికి పాతికేళ్ళొచ్చాక సంస్కృతం వచ్చినవాళ్ళెవరైనా ఎదురైతే, సూర్యకిరణం సంగతి వాడే చూసుకోవాలి.