ఎమ్మెస్సీపై ఏకసభ్య సంఘం నివేదిక

మా వంశంలో ఎవరికి ఏ చదువు తగునో తేల్చే బాధ్యత పాతికేళ్లుగా నాదే. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో రెండుసార్లు తప్పిన వాణ్ని కాబట్టి సైన్సు మీద నాకు ఎలాంటి మమకారమూ లేదనీ, నిష్పక్షపాతంగా తీర్పు చెబుతాననీ అందరి నమ్మకం. ఈసారి వినాయక చవితికి అక్క వాళ్లింటికి వెళ్లేసరికి కేసు సిద్ధంగా ఉంది. మేనల్లుడు బీఎస్సీ కెమిస్ట్రీ మూడో ఏడాది. ఆ తర్వాత ఏమి చదవాలి?

అసలు వాడు బీఎస్సీలో చేరడాన్నే మా చుట్టాలు ఇంకా క్షమించలేదు. ఇంజనీరింగ్ పిల్లవాడు కనబడితే "ఏ బ్రాంచి?" అంటారు. వీడు కనబడితే "అయ్యో, ఏమైంది?" అంటారు.

ఉండ్రాళ్ల పళ్లెం చుట్టూ సభ మొదలైంది. బావ ఓటు బీఈడీకి. ఎడ్‌సెట్ రాస్తే రెండేళ్లలో బీఈడీ చేతికొస్తుంది, ఆపైన డీఎస్సీ. ఆ డీఎస్సీ ఎప్పుడు అని అడగడం సభా మర్యాద కాదు. ఐసెట్ రాయించి ఎంసీఏలో పడేయమన్నాడు పక్కింటాయన. డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు వీడియో కాల్‌లో దర్శనమిచ్చి, డేటా సైన్సులో ఎంఎస్ తప్ప మరో దారి లేదన్నాడు. అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు పదహారేళ్ల చదువు అడుగుతాయి, మన మూడేళ్ల డిగ్రీ పదిహేను దగ్గరే ఆగిపోతుంది. "దానికేముంది, నాలుగో ఏడాది ఆనర్స్ కూడా చేయించండి" అన్నాడు, ఇంకో రెండు ఉండ్రాళ్లు వడ్డించండి అన్నంత తేలికగా.

ఈ ఆనర్స్ సంగతి నేను స్వయంగా విచారించాను. మూడేళ్ల డిగ్రీ చేస్తే ఎమ్మెస్సీ రెండేళ్లు. కొత్త విధానంలో నాలుగేళ్లు చేస్తే ఎమ్మెస్సీ ఒక్క ఏడాదితో సరిపెట్టవచ్చు. లెక్కలు రాకపోయినా కాగితం మీద కూడి చూశాను. 10+2+3+2, మొత్తం 17. 10+2+4+1, అదీ 17. విద్యా సంస్కరణ అంటే ఇంత పకడ్బందీగా ఉండాలి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకుంటే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చట. ఆ మాట సభలో చెప్పలేదు. పీహెచ్‌డీ అంటే అక్కకు పెళ్లి వయసు గుర్తొస్తుంది.

చివరికి, లాంఛనంగా, వాణ్నీ అడిగాను. "నీకేది ఇష్టంరా?"

"ఫిజికల్ కెమిస్ట్రీ, మామయ్యా."

బావ చేతిలోని ఉండ్రాయి చేతిలోనే ఉండిపోయింది. తెలుగు నేల మీద కెమిస్ట్రీ అంటే ఆర్గానిక్. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ మందుల కంపెనీలకు కావలసింది అదే. బంధువులకు అర్థమయ్యేదీ అదే. మిగతా కెమిస్ట్రీలు ఉన్నాయన్న సంగతి ఆర్గానిక్‌లో సీటు రానప్పుడు తెలుస్తుంది. వీడు కోరి మరీ అడుగుతున్నాడు!

కారణం చెప్పమంటే దేవుడి గదిలోకి తీసుకెళ్లి రెండు డబ్బాలు చూపించాడు. రెండింటిలోనూ హారతి కర్పూరం. ఒకదానిలో నాలుగు మిరియపు గింజలు. కర్పూరం హరించుకుపోకుండా మిరియాలు వేయడం మా అమ్మ నేర్పిన పద్ధతి, అక్క ఇప్పటికీ పాటిస్తుంది. మిరియాలు నిజంగా ఆపుతాయా, ఆపితే ఎలా అన్నది వీడి సందేహం. ఇలాంటివి తేల్చేదే ఫిజికల్ కెమిస్ట్రీ అట. వారానికోసారి రెండు డబ్బాలనూ కాలేజీకి మోసుకెళ్లి ల్యాబు త్రాసులో తూస్తున్నాడు. మూతల మీద తేదీలు, మిల్లీగ్రాములు. కర్పూరం అయిపోతే పది రూపాయలకు కొత్త డబ్బా వస్తుందన్న శాస్త్రీయ సత్యం వాడికి ఎవరూ చెప్పినట్లు లేదు.

ఇలాంటివాళ్లను మొదట్లోనే దారిలో పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా? గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారిని చూడండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎమ్మే చేసి, సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. పక్కన సలహా చెప్పే మేనమామ లేకపోయె, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిపోయారు. 1945లో ఒక పరిశోధన పత్రం రాశారు. దానికి అంతర్జాతీయ బహుమతి వచ్చింది 2023లో, ఆయనకు నూట రెండేళ్లు నిండాక. డీఎస్సీ కూడా అంత ఆలస్యం చేయదు.

వాడి నోటుపుస్తకంలో ఒక పేజీ నిండా పరీక్షలే. ఐఐటీలకు జామ్, ఫిబ్రవరిలో. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ. ఇక్కడి విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, తెలంగాణ వైపైతే సీపీగెట్. జామ్‌లో మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో పది ప్రశ్నలకు సరైన జవాబులు ఒకటికి మించి ఉండవచ్చు. అన్నీ గుర్తిస్తేనే మార్కులు, ఒక్కటి వదిలేసినా సున్నా. ఇంత దయలేని పద్ధతి మా సభలో లేదు. మా దగ్గర ఎవరేది గుర్తించినా పూర్తి మార్కులే.

సంఘం బీఈడీకి సిఫారసు చేస్తూ నివేదిక ముగించింది. రాత్రి తొమ్మిదింటికి బ్యాంకు నుంచి నా ఫోనుకు సందేశం వచ్చింది, వెనకే వాడూ వచ్చాడు.

"జామ్ ఫీజు మామయ్యా. మీ కార్డు నంబరు అమ్మ ఇచ్చింది. ఓటీపీ చెప్పండి."

చెప్పాను. వాడు వెళ్లబోతుంటే ఆపి, బావ వినకుండా అడిగాను. "ఇంతకీ ఆ మిరియాలు పనిచేస్తున్నాయా?"

"ఇంకో మూడు వారాలు తూయాలి మామయ్యా. చవితి పూజకు అమ్మ మిరియాలు లేని డబ్బాలోంచి రెండు బిళ్లలు తీసేసింది."