‘మనకు సాధ్యమైనది వాళ్ళకెందుకు కాలేదు?’: అమెరికా బడులలోని అంతరంపై ఒక ఖండన

అమెరికాలోని తెలుగువారి వాట్సాప్ గ్రూపులలో ఒక సందేశం ఏళ్ళ తరబడి తిరుగుతోంది. దాని సారాంశం ఇది: మనం రెండు సూట్‌కేసులతో ఈ దేశానికి వచ్చాం, అయినా మన పిల్లలు చదువులో అందరికన్నా ముందున్నారు. నల్లజాతి పిల్లలు వెనకబడడానికి కారణం వాళ్ళ ఇళ్ళలో చదువుకు విలువ లేకపోవడమే. బానిసత్వం ఎప్పుడో పోయింది, బడులు అందరికీ ఒక్కటే, ఎంత డబ్బు పోసినా ఈ తేడా తగ్గలేదు, ఇక తగ్గదు.

తేడా ఉన్న మాట నిజం. తెల్లజాతి విద్యార్థులకూ నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా సంతతి) విద్యార్థులకూ మధ్య సగటు మార్కులలో అంతరం జాతీయ స్థాయి పరీక్షలలో ఐదు దశాబ్దాలుగా నమోదవుతూనే ఉంది. నిజం కానివి దానికి ఈ సందేశం చెప్పే కారణాలు. బాగా చదువుకున్న మనవాళ్ళే దీన్ని నమ్మి పదిమందికీ పంపుతున్నారు గనుక ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పవలసి ఉంది.

మొదటిది సూట్‌కేసుల మాట. ఆ సూట్‌కేసులో ఒక డిగ్రీ పట్టా ఉందన్న సంగతి ఈ సందేశం చెప్పదు. అమెరికాలోని భారత సంతతి వయోజనులలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి బ్యాచిలర్ డిగ్రీ గానీ అంతకన్నా పై చదువు గానీ ఉంది. అమెరికా మొత్తం మీద చూస్తే ఆ వాటా మూడో వంతు కన్నా కొంచెమే ఎక్కువ, మన దేశంలోనైతే ఇంకా చాలా తక్కువ. 1965 నాటి వలస చట్టం వృత్తి నిపుణులకు ప్రాధాన్యం ఇచ్చింది, 1990లో హెచ్-1బీ వీసా వచ్చింది. అంటే ఇక్కడికి చేరినవారు అప్పటికే వడపోతకు గురై వచ్చినవారు. పాత తరంలో చాలామంది వరంగల్ ఆర్‌ఈసీలోనో, ఉస్మానియాలోనో, ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనో ప్రజాధనంతో నడిచిన చదువు చదివి విమానం ఎక్కినవారే. ఎంసెట్‌లో మొదటి వెయ్యి ర్యాంకుల వారిని ఒకచోట చేర్చి, వారి పిల్లల మార్కులను ఒక జిల్లాలోని పిల్లలందరి సగటుతో పోల్చి, ఆ జిల్లా సంస్కారంలోనే లోపముందని తేల్చితే మనం ఒప్పుకుంటామా?

ఇదే వడపోత నైజీరియా నుంచి వచ్చిన నల్లజాతి వలసదారులలోనూ కనిపిస్తుంది. వారిలో డిగ్రీలున్నవారి వాటా అమెరికా సగటును బాగా మించి ఉంటుంది. మరోవైపు, యుద్ధం తరిమితే శరణార్థులుగా వచ్చిన లావోస్ మోంగ్ తెగవారు, కంబోడియా ప్రజలు ఆసియావారే అయినా వారిలో ఆ వాటా సగటుకు ఎంతో దిగువన ఉంది. కాబట్టి ఈ ఫలితాన్ని నిర్ణయించినది చర్మం రంగు కాదు, ‘ఆసియా సంస్కృతి’ కూడా కాదు, ఎవరు ఏ దారిన వచ్చారన్నది. ఇంకొక్క మాట కూడా ఇక్కడే చెప్పాలి. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మనకు తలుపు తెరిచిన 1965 చట్టం నల్లజాతి ప్రజల పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కదిలించిన రోజులలో వచ్చింది. వారి పోరాటం వల్ల మేలు పొంది, వారినే తక్కువ చేసి మాట్లాడడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

రెండో మాట, వాళ్ళకు చదువంటే విలువ లేదన్నది. ఇది చరిత్రను తలకిందులు చేయడమే. 1740లోనే దక్షిణ కరోలినా బానిసలకు రాత నేర్పడాన్ని చట్టవిరుద్ధం చేసింది. అంతర్యుద్ధానికి ముందు దక్షిణాదిలో మరికొన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. ఆ నిర్బంధం తొలగిన కొద్ది ఏళ్ళకు, 1870లో, నల్లజాతివారిలో నిరక్షరాస్యులు సుమారు 80 శాతం. 1910 నాటికి అది 30 శాతం దరిదాపులకు దిగింది. చదువంటే విలువ లేని జనం నలభై ఏళ్ళలో ఇంత దూరం నడవరు. 1912, 1932 మధ్య దక్షిణాది పల్లెలలో దాదాపు 5,000 రోజెన్‌వాల్డ్ బడులు వెలిశాయి. షికాగో వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ వాటికి సుమారు 43 లక్షల డాలర్లిస్తే, పత్తి చేలలో కౌలుకు బతికే నల్లజాతి కుటుంబాలు చందాలుగా, స్థలాలుగా, కలపగా, ఒంటి కష్టంగా సమకూర్చినది 47 లక్షల డాలర్ల విలువ చేస్తుంది. తెల్లపిల్లల బడులకు ఎక్కువగా మళ్ళిన పన్నులను వారు అప్పటికే కడుతున్నారు. ఆ పైన ఇది రెండోసారి కట్టడం.

వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో జరిగినది ఇంకా దగ్గరగా చూడదగినది. ఫార్మ్‌విల్ ఊళ్ళో నల్లజాతి పిల్లల మోటన్ హైస్కూలును 180 మంది కోసం కట్టారు. పదేళ్ళు దాటేసరికి అందులో 450 మంది దాకా చేరారు. కౌంటీ పెద్దలు కొత్త భవనానికి బదులు తారు కాగితం కప్పిన చెక్క షెడ్లు వేయించారు. వానకు అవి కారేవి, చలికాలంలో పొయ్యికి దూరంగా కూర్చున్న పిల్లలు కోట్లు విప్పకుండానే పాఠాలు వినేవారు. 1951 ఏప్రిల్‌లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ళ అమ్మాయి ముందు నిలిచి, తమకు సరైన బడి కావాలని విద్యార్థులందరి చేత సమ్మె చేయించింది. ఆ సమ్మె నుంచి పుట్టిన కేసే తరువాత, బడులలో జాతుల వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చిన 1954 నాటి బ్రౌన్ తీర్పులో కలిసిన అయిదు కేసులలో ఒకటి. తెల్ల, నల్ల పిల్లలను కలిపి కూర్చోబెట్టమని న్యాయస్థానం ఆదేశించినప్పుడు కౌంటీ ఏం చేసిందో తెలుసా? 1959లో తన ప్రభుత్వ బడులన్నిటినీ మూసివేసింది. తెల్లపిల్లలు ప్రైవేటు అకాడమీలో చేరారు. నల్లపిల్లలలో చాలామందికి 1964 దాకా, అంటే అయిదేళ్ళ పాటు, బడి అన్నదే లేదు. ఆ పిల్లలలో ఎందరో నేటికీ బతికే ఉన్నారు. వారి మనవలు ఇప్పుడు బడులలో ఉన్నారు. ‘ఎప్పుడో పోయిన సంగతి’ అనేవారు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

ఇక బడులు అందరికీ ఒక్కటే అన్న మాట. ఇల్లు కొనేముందు ఆ చిరునామాకు ఏ బడి వస్తుందో, దాని రేటింగ్ పదికి ఎంతో చూడని తెలుగు కుటుంబం అమెరికాలో అరుదు. బడులు ఒక్కటి కావని మనకు బాగా తెలుసు, ఆ తెలిసినదానికి లక్షల డాలర్లు చెల్లిస్తున్నాం కూడా. బడుల ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. 1960ల చివరలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో, ఎక్కువగా మెక్సికన్ సంతతివారున్న ఎడ్జ్‌వుడ్ స్కూల్ డిస్ట్రిక్ట్ (బడులను నడిపే స్థానిక విభాగం) ప్రజలు ప్రతి వంద డాలర్ల ఆస్తి విలువకూ 1.05 డాలర్ల పన్ను కట్టినా, స్థానికంగా ఒక్కో విద్యార్థికి సమకూరినది 26 డాలర్లే. అదే నగరంలో సంపన్నుల ఆలమో హైట్స్ 85 సెంట్ల పన్నుతోనే 333 డాలర్లు సమకూర్చుకుంది. ఎక్కువ కట్టినవారికి తక్కువ దక్కింది. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఇది రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చింది. ఆ తరువాత చాలా రాష్ట్రాలు సొంత నిధులతో ఆ గుంటను కొంత పూడ్చాయి, అది ఒప్పుకోవలసిందే. అయినా శ్వేతేతరులు ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టులకు, దాదాపు అంతేమంది విద్యార్థులున్న తెల్లవారి డిస్ట్రిక్టుల కన్నా ఏటా 2,300 కోట్ల డాలర్లు తక్కువ అందుతున్నాయని 2019లో ఎడ్‌బిల్డ్ అనే సంస్థ లెక్క తేల్చింది. ఆ పేటలలో ఇళ్ళ ధరలు తక్కువగా ఉండడం కూడా యాదృచ్ఛికం కాదు. 1930ల నుంచి దశాబ్దాల పాటు కేంద్ర ప్రభుత్వ గృహ సంస్థలే నల్లజాతి పేటలకు రుణ హామీ నిరాకరించాయి. 2022 నాటికి ఆస్తుల వరుసలో సరిగ్గా మధ్యన నిలిచే తెల్లజాతి కుటుంబం ఆస్తి సుమారు 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 45,000 దగ్గర. జీతాలు సమానమైన ఇళ్ళ మధ్య కూడా పిల్లల మార్కులలో తేడా ఎందుకుంటుందని అడిగేవారు జీతం వేరు, ఆస్తి వేరు అని గుర్తించాలి.

ఈ సందేశానికి ఇంకా ఘాటైన రూపం ఒకటుంది, అందులో లోపం పుట్టుకలోనే ఉందంటారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీలో నల్లజాతి అమెరికన్ సైనికులకూ జర్మన్ తల్లులకూ పుట్టిన పిల్లలను, తెల్ల సైనికులకు పుట్టిన పిల్లలను క్లాస్ ఐఫెర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పోల్చి చూశాడు. రెండు వర్గాల సగటు ఐక్యూ దాదాపు సమానంగా తేలింది. ఆ రూపానికి ఇంతకన్నా చోటు ఇవ్వనక్కరలేదు.

చివరిది, తేడా తగ్గదన్న మాట. 1971లో పదిహేడేళ్ళవారి పఠన పరీక్షలో తెల్ల, నల్ల విద్యార్థుల మధ్య తేడా 50 పాయింట్లకు పైగా ఉండేది. 1988కి అది 20 దరిదాపులకు పడిపోయింది. దక్షిణాది బడులలో తెల్ల, నల్ల పిల్లలు నిజంగా కలిసి చదవడం మొదలైనదీ, పేదపిల్లల కోసం హెడ్ స్టార్ట్ వంటి పథకాలు వేళ్ళూనినదీ ఆ కాలంలోనే. ఆ తరువాత ఆ తగ్గుదల ఆగిపోయింది, 1990లలో న్యాయస్థానాలు కూడా పిల్లలను కలిపి చదివించే ఆదేశాల నుంచి వెనక్కి తగ్గాయి. ఫ్లోరిడాలోని బ్రొవార్డ్ కౌంటీ ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. అక్కడ ప్రతిభావంతుల తరగతులకు పిల్లలను టీచర్లూ తల్లిదండ్రులూ సిఫారసు చేసేవారు. 2005 ప్రాంతంలో ఆ పద్ధతి మార్చి, రెండో తరగతి పిల్లలందరికీ ప్రాథమిక పరీక్ష పెట్టారు. ఎంపికైన నల్లజాతి పిల్లల రేటు 80 శాతం, లాటినో పిల్లల రేటు 130 శాతం పెరిగింది. పిల్లలు మారలేదు, వారి ఇళ్ళూ మారలేదు, మారినది వారిని చూసిన తీరు. తరువాత నిధుల కొరతతో ఆ పరీక్షను ఆపివేయగానే అంకెలు మళ్ళీ పాత స్థాయికే చేరాయి.