‘ఈమధ్య ఎక్కడెక్కడ తిరిగొచ్చారు?’

1952 వేసవిలో కాలిఫోర్నియాలో వీరా సరస్సు ఒడ్డున ఆడపిల్లల క్యాంపు నడిచింది. కొరియా యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చిన ఒక మాజీ సైనికుడు కూడా ఆ దగ్గర్లోనే గుడారం వేసుకుని సెలవు గడిపాడు. అక్కడుండగానే అతనికి చలిజ్వరం వచ్చింది. సరస్సు దోమలు ముందు అతన్ని కుట్టాయి, ఆ తర్వాత పిల్లల్ని కుట్టాయి. లెక్క తేలేసరికి 35 మందికి మలేరియా. కొందరికైతే మరుసటి ఏడాది గానీ జ్వరం బయటపడలేదు.

ఆ సైనికుడు చేసిన తప్పేమీ లేదు. అతని ఒంట్లో ఉన్నది వైవాక్స్ రకం మలేరియా పరాన్నజీవి. అది కాలేయంలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా చప్పుడు చేయకుండా పడుకుని, ఒకరోజు లేచి రక్తంలోకి వస్తుంది. అంతవరకూ మనిషి మామూలుగానే తింటాడు, తిరుగుతాడు, పనిచేసుకుంటాడు. తన ఒంట్లో ఏముందో అతనికే తెలియదు.

ఏ దేశంలోనైనా ఇలాంటి జబ్బు కొత్తగా కనిపించగానే మొదట వినిపించే మాట ‘వలస వచ్చినవాళ్లే తెచ్చారు’ అని. ఆ మాట వెనకే సరిహద్దులు మూసేయమని, వాళ్లను పంపించేయమని డిమాండ్లు మొదలవుతాయి. మేము దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. మనిషి కదిలితే పరాన్నజీవి కూడా కదులుతుంది, అది నిజమే, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ తనను నిందిస్తారని, పట్టుకుని పంపించేస్తారని భయపడే మనిషి డాక్టర్ దగ్గరికి రాడు, వచ్చినా ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పడు. అది చెప్పకపోతే ఈ జబ్బులను కనిపెట్టడం దాదాపు అసాధ్యం. మా వాదన అంతా ఈ ఒక్క విషయం మీదే.

అసలు పరాన్నజీవి ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లి స్థిరపడాలంటే మనిషి ఒక్కడు చాలడు. మలేరియాకు అనాఫిలిస్ దోమ కావాలి. కాలేయాన్నీ ప్లీహాన్నీ ఉబ్బించే కాలా అజార్ జ్వరానికి ఇసుక ఈగ కావాలి. షిస్టోసోమా అనే పురుగు రక్తనాళాల్లో చేరడం వల్ల వచ్చే షిస్టోసోమియాసిస్‌కు మంచినీటి నత్త కావాలి, అదీ ఏదో ఒక నత్త కాదు, దానికి సరిపడే జాతి నత్తే ఉండాలి. ఈ సంగతి చరిత్ర చాలా కఠినంగా రుజువు చేసింది. అట్లాంటిక్ బానిస వ్యాపారంలో ఆఫ్రికా నుంచి అమెరికా ఖండాలకు లక్షలాది మందిని ఓడల్లో కుక్కి తీసుకుపోయారు. వాళ్లు ఇష్టపడి బయల్దేరిన ప్రయాణికులు కారు, గొలుసులతో కట్టిన మనుషులు. వాళ్ల శరీరాల్లో రెండు రకాల షిస్టోసోమా పురుగులు అట్లాంటిక్ దాటాయి, ఒకటి పేగుల దగ్గర రక్తనాళాల్లో ఉండేది, రెండోది మూత్రాశయం దగ్గర ఉండేది. మొదటిదానికి కావలసిన నత్త బ్రెజిల్‌లోనూ కరీబియన్ దీవుల్లోనూ దొరికింది కాబట్టి అది అక్కడ పాతుకుపోయి ఇప్పటికీ బ్రెజిల్‌లో మనుషులను పీడిస్తోంది. రెండోదానికి కావలసిన నత్త అక్కడ లేదు. అందుకే అది నిలబడలేకపోయింది. ఒకే ఓడల్లో, ఒకే మనుషుల్లో వెళ్లిన రెండు పురుగుల్లో ఏది బతకాలో అక్కడి నీళ్లే తేల్చాయి.

ఆ రెండో రకమే 2014లో యూరప్ వైద్యులను ఆశ్చర్యపరిచింది. ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా దీవిలో కావు అనే చిన్న నదిలో ఈతకొట్టినవాళ్ల మూత్రంలో రక్తం కనిపించడం మొదలైంది. వాళ్లలో చాలామంది వేసవి సెలవులకు వచ్చిన కుటుంబాలవాళ్లు, ఆఫ్రికా ముఖం చూడనివాళ్లు. వందమందికి పైగా జబ్బుపడ్డారు. జన్యు పరీక్షల్లో ఆ పురుగు మూలాలు సెనెగల్ వైపు చూపించాయి. ఇక్కడ జరిగింది సూటిగా చెప్పాలంటే ఇంతే: జబ్బున్న మనిషి మూత్రంలోని గుడ్లు నదిలో పడ్డాయి, ఆ నదిలో సరిపడే నత్త ముందు నుంచే ఉంది, నత్తలోంచి బయటికొచ్చిన పురుగు పిల్లలు ఈతగాళ్ల చర్మంలోంచి లోపలికి దూరాయి. అక్కడి వేసవి వేడి కూడా తోడైంది. ఆ మొదటి మనిషి వలస కూలీ కావచ్చు, విహారయాత్రకు వెళ్లొచ్చిన పర్యాటకుడూ కావచ్చు, పురుగుకు ఆ తేడా తెలియదు.

ప్రయాణం కన్నా, ప్రయాణించినవాళ్లను ఎలాంటి చోట ఉంచారన్నదే ఎక్కువసార్లు అసలు సమస్య అవుతుంది. 1872లో ఆల్ప్స్ పర్వతాల కింద గోట్‌హార్డ్ రైలు సొరంగం తవ్వకం మొదలైంది. పొడవు 15 కిలోమీటర్లు. పనికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇటలీ కూలీలు. లోపల విపరీతమైన వేడి, తడి. మరుగుదొడ్ల ఏర్పాటు సరిగా లేదు, పనిచేసేచోటే మలవిసర్జన, ఆ బురదలోనే మళ్లీ పని. కొంకి పురుగుకు ఇంతకంటే మంచి చోటు దొరకదు, అది పాదాల చర్మంలోంచే లోపలికి వెళ్లి పేగులకు కరుచుకుని రక్తం తాగుతుంది. కూలీలు పాలిపోయి, నడవలేక, కూలబడిపోయారు. 1880లో టూరిన్‌కు చెందిన ఎడోఆర్డో పెరోంచిటో దానికి కారణం ఈ పురుగేనని చూపించారు. సొరంగం అయిపోయాక ఆ మనుషులు పని వెతుక్కుంటూ వేరే గనులకు చెదిరిపోయారు, పురుగూ వాళ్లతోనే వెళ్లింది. ఆ కూలీలను నిందించాలా, వాళ్లకు నాలుగు మరుగుదొడ్లు కట్టించనివాళ్లను నిందించాలా? మాకైతే ఇందులో ఏ సందేహమూ లేదు.

యుద్ధం తరిమిన మనుషుల సంగతి ఇంకా ఘోరం. దక్షిణ సూడాన్‌లోని పశ్చిమ ఎగువ నైలు ప్రాంతంలో 1984 నుంచి 1994 మధ్య కాలా అజార్ సుమారు లక్షమందిని బలితీసుకుంది. అంతర్యుద్ధంలో జనం చెల్లాచెదురయ్యారు, ఆ జబ్బు అంతకుముందు ఎరగని జనంలోకి అది చొరబడింది, తిండి లేదు, ఆస్పత్రి లేదు. కాలా అజార్‌కు వైద్యం అందకపోతే దాదాపు అందరూ చనిపోతారు. వైద్యం అందితే ఎక్కువమంది బతుకుతారు. ఈ రెండు వాక్యాల మధ్యే ఆ లక్షమందీ ఉన్నారు.

ఇప్పుడు విమానాశ్రయాల్లో నుదుటికి థర్మామీటర్ పెట్టి ఆపేయొచ్చు కదా అనేవాళ్లకు ఒక మాట. మలేరియా రకాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన ఫాల్సిపరం ఉన్న దోమ కుట్టాక జ్వరం రావడానికి వారం నుంచి నెల దాకా పడుతుంది. విమానం కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఇక చాగస్ జబ్బు సంగతి చూడండి. లాటిన్ అమెరికాలో ఇళ్ల గోడల పగుళ్లలో ఉండే నల్లి జాతి పురుగు ద్వారా సోకుతుంది, 1909లో కార్లోస్ చాగస్ దీన్ని గుర్తించారు. సోకినవాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండదు, వాళ్లలో 20 నుంచి 30 శాతం మందికి పది, ఇరవై ఏళ్ల తర్వాత గుండె దెబ్బతింటుంది. వీళ్లను ఏ థర్మామీటరూ పట్టుకోలేదు. స్పెయిన్‌లో ఆ పురుగు లేదు, అయినా బొలీవియా లాంటి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లలో ఈ జబ్బు ఉంది, రక్తదానం ద్వారా, గర్భిణి నుంచి బిడ్డకు అది అందుతుంది. అందుకని స్పెయిన్ 2005 నుంచి ఆ ముప్పున్న రక్తదాతలకు పరీక్ష పెట్టింది, అమెరికా 2007లో మొదలుపెట్టింది. సరైన పని. గర్భిణులకు పరీక్ష చేసి, పుట్టిన బిడ్డకు వెంటనే మందిస్తే దాదాపుగా నయమైపోతుంది, ఇది ప్రతిచోటా జరగాలని మేము కోరుతున్నాం.

స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఇంకా మొండిది. మనిషి లోపలే తన సంతతిని పెంచుకుంటూ జీవితాంతం ఉండిపోగలదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా-థాయ్‌లాండ్ రైలుమార్గం పనుల్లో జపాన్ సైన్యం చేతిలో బందీలుగా ఉన్న సైనికుల్లో కొందరికి, ఇంటికొచ్చి 30 ఏళ్లు దాటాక కూడా, ఈ పురుగు కనిపించింది. ఇన్నేళ్లూ పెద్దగా ఇబ్బంది పెట్టదు. కానీ ఉబ్బసానికో ఇంకో జబ్బుకో డాక్టర్ స్టెరాయిడ్లు ఇస్తే రోగనిరోధక శక్తి తగ్గి పురుగులు ఒక్కసారిగా ఒళ్లంతా పాకుతాయి, ప్రాణం పోతుంది. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ముందే ఇస్తే దీన్ని చాలావరకు ఆపొచ్చు. ఆ మందు ఇవ్వాలని డాక్టర్‌కు తట్టాలంటే మాత్రం ‘మీరు ఇంతకుముందు ఎక్కడ ఉండేవారు?’ అని అడిగి ఉండాలి. ఎప్పుడో నలభై ఏళ్ల కిందట అయినా సరే.

ఈ ప్రశ్న అడగని డాక్టర్లు చాలామంది ఉన్నారు, వాళ్లను తిట్టడం మా ఉద్దేశం కాదు. మలేరియా లేని దేశంలో చదువుకుని, ఒక్క మలేరియా కేసూ చూడని డాక్టర్‌కు జ్వరం అనగానే ఫ్లూ గుర్తురావడం సహజం. కానీ ఫాల్సిపరంలో ఒకటి రెండు రోజుల ఆలస్యమే ప్రాణం తీస్తుంది. 2023లో ప్రపంచంలో మలేరియాతో సుమారు 5,97,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, వాళ్లలో అత్యధికులు ఆఫ్రికా చిన్నపిల్లలే. మలేరియా లేని దేశాల్లో కనిపించే కేసుల్లో పెద్ద భాగం పుట్టిన ఊరు చూసి రావడానికి వెళ్లినవాళ్లవి. ‘మాకు అలవాటే, చిన్నప్పుడు ఎన్నిసార్లు రాలేదు’ అనుకుని వాళ్లు మాత్రలు వేసుకోరు, దోమతెర పట్టించుకోరు. చిన్నప్పటి జ్వరాలతో ఒంటికి వచ్చిన రక్షణ, దూరంగా కొన్నేళ్లు ఉంటే తగ్గిపోతుంది, అక్కడ పుట్టని పిల్లలకైతే అసలే ఉండదు. మీరు ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే వెళ్లేముందే డాక్టర్‌ని కలవండి. వచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, డాక్టర్ అడగకపోయినా, ఎక్కడికి వెళ్లొచ్చారో మీరే చెప్పండి.

ప్రభుత్వాలు చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి, పెద్ద ఖర్చు కూడా కాదు. అమెరికా 1999 నుంచి అనేక దేశాల శరణార్థులకు బయల్దేరేముందే ఆల్బెండజోల్ ఇస్తూ వచ్చింది, పేగు పురుగులకు అది చౌకైన మాత్ర. శ్రీలంకలో 2012 తర్వాత స్థానికంగా మలేరియా లేదు, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. 2018 చివర్లో విదేశం నుంచి వచ్చిన ఒక కార్మికుడి నుంచి దోమ ద్వారా ఒక స్థానికుడికి సోకింది. వెంటనే కనిపెట్టి, ఇద్దరికీ చికిత్స చేసి, అక్కడితో ఆపేశారు. అంత తొందరగా పట్టుకోగలిగారంటే జబ్బు పోయాక కూడా పరీక్షలు మానలేదు కాబట్టే. చాలాచోట్ల కేసులు సున్నాకు రాగానే బడ్జెట్ కూడా సున్నా చేస్తారు. ఆ తప్పు చేయొద్దని మా విన్నపం.

గ్రీస్ 1974లోనే మలేరియా నుంచి బయటపడింది. 2011లో ఎవ్రోటాస్ ప్రాంతంలో అది మళ్లీ కనిపించింది, అక్కడి పొలాల్లో పనిచేసే వలస కూలీల్లోనూ, స్థానికుల్లోనూ. దేశమేమో ఆర్థిక సంక్షోభంలో ఉంది, వలసలపై కోపం ఊళ్లలో ఉంది. ఆరోగ్య సిబ్బంది మాత్రం కూలీల ఇళ్లకే వెళ్లారు. పదేపదే వెళ్లి, జ్వరం ఉందా అని అడిగారు, రక్తం తీసి చూశారు, ఉన్నవాళ్లకు మందులిచ్చారు. 2013, 2014లో ముందుజాగ్రత్తగా కూలీలకు సామూహికంగా మందులు కూడా ఇచ్చారు. దోమల నియంత్రణ పక్కనే నడిచింది. ఎవ్రోటాస్‌లో వ్యాప్తి తగ్గింది. ఆ కూలీలు తలుపులు తీశారు కాబట్టే అది సాధ్యమైంది, తలుపు తట్టింది పోలీసులు కాదు నర్సులు కాబట్టే వాళ్లు తీశారు. కాబట్టి ఆస్పత్రి రికార్డులు వలసలను నియంత్రించే అధికారుల చేతికి వెళ్లకుండా ప్రతి దేశం చట్టం చేయాలి, కాగితాలు ఉన్నా లేకపోయినా ఈ జబ్బులకు పరీక్ష, మందు ఉచితంగా ఇవ్వాలి.