మన రాష్ట్రం వేరు, హిందీ రాష్ట్రం వేరు

వారాంతపు తెలుగు తరగతుల్లో పిల్లలకిచ్చే పర్యాయపదాల పట్టికల్లో దేశం, రాష్ట్రం, రాజ్యం ఒకే వరసలో కూర్చుని కనిపిస్తుంటాయి. తెలుగు నేల మీద పెరిగినవాళ్ళకి ఏ మాట ఎక్కడ వాడాలో ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక్కడ అమెరికాలో పుట్టిన పిల్లలకి ఆ పట్టికే ఆధారం. ‘మా రాజ్యం టెక్సస్’ అని ఓ పిల్లాడు రాస్తే తప్పు వాడిది కాదు.

ఈ మూడూ పర్యాయపదాలు కావన్నది నా వాదన. నిఘంటువులో చుట్టాలైతే కావచ్చు, వాడుకలో ఎవరి ఇల్లు వాళ్ళదే. తెలుగులో రాష్ట్రం అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా. హిందీలో అదే మాటకి అర్థం దేశం, జాతి. మనం రాష్ట్రం అనేదాన్ని వాళ్ళు రాజ్య అంటారు. అమెరికాని మనం సంయుక్త రాష్ట్రాలు అంటే హిందీవాళ్ళకి అది సంయుక్త రాజ్య. ఐక్యరాజ్య సమితి దగ్గరికి వచ్చేసరికి అంతా తిరగబడి, వాళ్ళ నోట సంయుక్త రాష్ట్ర అయి కూర్చుంటుంది. రెండు భాషలూ ఒకే సంస్కృతం కొట్లోంచి సరుకు తెచ్చుకుని, లేబుళ్ళు అటూ ఇటూ మార్చి అతికించుకున్నట్టుంది వ్యవహారం. మనవాళ్ళ స్టేట్స్ గొడవ దీనికి అదనం. ‘అబ్బాయి స్టేట్స్‌లో ఉన్నాడు’ అంటే దేశం, ‘ఏ స్టేట్‌లో?’ అంటే రాష్ట్రం. ఒక్క వాక్యం తేడాలో అర్థం మారినా ఎవరూ తికమక పడరు.

తికమకంతా రాష్ట్రపతి దగ్గర మొదలవుతుంది. ఈ మాటని తెలుగులోకి అనువదించుకోకుండా ఉన్నదున్నట్టు తెచ్చుకున్నాం. తెలుగు మాత్రమే తెలిసిన పిల్లలు విడదీసి చదివితే రాష్ట్రానికి పతి, అంటే ముఖ్యమంత్రో గవర్నరో అనుకుంటారు. ‘రాష్ట్రపతి పాలన’ ఆ అపోహని మరింత గట్టి చేస్తుంది. ఎందుకంటే ఆ పాలన పెట్టేది రాష్ట్రంలోనే. 1973లోనూ, మళ్ళీ 2014లోనూ ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ వార్తని ‘రాష్ట్ర పెద్ద పాలన’ అని అర్థం చేసుకున్నా వాక్యం చక్కగా అతుకుతుంది. అర్థం మాత్రం పూర్తిగా తలకిందులు. రాష్ట్రంలో మంత్రివర్గ పాలన ఆగిపోయి కేంద్రం చేతికి వెళ్ళడమే కదా అసలు విషయం.

అటువైపునుంచి చూస్తే ఇంకా తమాషా. మన ‘జాతీయ పార్టీ’, ‘జాతీయ రహదారి’ హిందీవాళ్ళ చెవికి కులం పార్టీ, కులం రోడ్డులా వినిపిస్తాయి. వాళ్ళ భాషలో జాతీయ అంటే ఎక్కువగా కులానికి సంబంధించినదనే. మనం జాతీయ గీతం అన్నదాన్ని వాళ్ళు రాష్ట్రగాన్ అంటారు. అది మనకి రాష్ట్ర గీతంలా వినిపిస్తుంది. మాట పోయినా పరవాలేదు, పాట ఒక్కటే!

వీటన్నిటికంటే నాకు ఆసక్తిగా అనిపించేది ఒక పార్టీ పేరు. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టినప్పుడు పేరులోని రాష్ట్రం అచ్చమైన తెలుగు రాష్ట్రం. ప్రత్యేక రాష్ట్రం కావాలన్నదే దాని పుట్టుకకి కారణం. 2022 అక్టోబరులో ఆ పార్టీ భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకుంది. తెలంగాణ పోయి భారత్ వచ్చింది, రాష్ట్ర అనే ముక్క కదల్లేదు. పేరు మాత్రం ఇప్పుడు హిందీ అర్థంలోనే అతుకుతుంది. పార్టీ మంచిచెడ్డలు ఈ వ్యాసానికి పట్టవు. నడిమధ్యలో ఉన్న మాట అక్షరం కూడా మారకుండా ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దూకేయడం మాత్రం రోజూ చూసే విచిత్రం కాదు.

ఇక్కడే కొందరు పెద్దలు ‘అసలు అర్థం దేశమే, తెలుగువాళ్ళే దాన్ని కుదించారు’ అంటారు. నేను ఒప్పుకోను. వేదకాలంలో రాష్ట్రం అంటే రాజ్యమన్న మాట నిజమే. కానీ కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఖజానాకి ఆదాయం వచ్చే మార్గాలు చెప్పేచోట దుర్గం తర్వాత రాష్ట్రం వస్తుంది. అంటే కోట ఉన్న పట్నం ఒకటి, దాని బయటి పల్లెసీమ ఒకటి. తెలుగు నేల మీద పల్లవుల, చాళుక్యుల రాగిరేకు శాసనాల్లో కనిపించే ముండరాష్ట్రం, కర్మరాష్ట్రం వంటివి ఇప్పటి నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లోని సీమల పేర్లు. తూర్పు చాళుక్య రాజులు ఊరు దానం ఇస్తూ ‘రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులకు’ అని మొదలుపెట్టేవాళ్ళు. అక్కడి రాష్ట్రకూటులు కర్ణాటకనేలిన చక్రవర్తులు కాదు, ఆ సీమలోని పెద్దమనుషులు. కాబట్టి రాజ్యంలో ఒక భాగం రాష్ట్రం అన్న వాడుక మనకి వందల ఏళ్ళనాటిది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కొత్తగా పుట్టించుకున్నది కాదు.

పైగా ఈ తేడా వల్ల మనకో సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో స్టేట్ అంటే కాలిఫోర్నియా కావచ్చు, ప్రభుత్వం, పోలీసు, కోర్టు అన్నీ కలిసిన వ్యవస్థా కావచ్చు. హిందీలోనూ రెండింటికీ రాజ్య అనే ఒక్క మాటే. తెలుగులో మొదటిది రాష్ట్రం, రెండోది రాజ్యం. ‘రాజ్యహింస’ అని హక్కుల సంఘాలవాళ్ళు అంటే ఏ ఒక్క రాష్ట్రం గురించో అంటున్నారని ఎవరూ అనుకోరు. ఇంత శుభ్రంగా విడిపోయిన మాటల్ని తెచ్చి పర్యాయపదాలని పిల్లలచేత బట్టీ పట్టించడం నాకు మింగుడుపడదు.

అలాగని రాష్ట్రపతిని దేశపతి అనమని అడగను. పాతుకుపోయిన మాటని పెకలించలేం, అక్కర్లేదు కూడా. ఆ పట్టికలు వేసే మన సంఘాలు ఒక పని చేస్తే చాలు: రాష్ట్రపతి, రాజ్యసభ లాంటి పేర్ల పక్కన ‘ఇది హిందీ పేరు, హిందీ అర్థంతో చదవాలి’ అని రాయడం. రాజ్యసభకి ఆ పేరు 1954లో వచ్చింది. అంతకుముందు దాన్ని ఇంగ్లీషులో రాష్ట్రాల మండలి అనే అర్థమొచ్చే పేరుతోనే పిలిచేవారు. తెలుగు పత్రికలు పెద్దల సభ అని రాసేసరికి ఆ అర్థం కాస్తా మరుగున పడింది. తెలంగాణ నుంచి ఏడుగురు, ఆంధ్రప్రదేశ్ నుంచి పదకొండుగురు అందులో కూర్చుంటారని, వాళ్ళని ఎన్నుకునేది ఆ రాష్ట్రాల ఎమ్మెల్యేలని చెబితే సెనేట్ గురించి బళ్ళో చదివిన పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. సెనేట్‌లో స్టేట్‌కి ఇద్దరే కదా, రాజ్యసభలో ఒకరికి ఏడు, ఇంకొకరికి పదకొండు ఎందుకని వాళ్ళే అడుగుతారు. అప్పుడు జనాభా లెక్కల పాఠం మొదలుపెట్టుకోవచ్చు.