ఐదు రాజధానులెందుకు, మూడు చాలు

ఉత్తర ఐరోపా అనగానే మనవాళ్ళలో చాలామంది బాల్టిక్ క్రూయిజ్ వైపే మొగ్గుతారు. వారంలో ఐదారు రాజధానులు చుట్టెయ్యొచ్చు, రోజూ పెట్టెలు సర్దే పని ఉండదు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సుఖం. బ్రోషర్‌లో అంతా బాగానే ఉంటుంది. అయితే అందులో 'బెర్లిన్' అని ఉన్నచోట ఓడ ఆగేది వార్నముండె రేవులో. అక్కణ్ణుంచి బెర్లిన్ వెళ్ళడానికే దాదాపు మూడు గంటలు, రావడానికి మరో మూడు. 'స్టాక్‌హోమ్' అని రాసినా కొన్ని ఓడలు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని నీనస్‌హామ్‌లో దించుతాయి. డబ్బు కట్టేముందు రేవు పేరు అడగండి.

మా సలహా: స్టాక్‌హోమ్ (స్వీడన్), హెల్సింకీ (ఫిన్లాండ్), టాలిన్ (ఎస్టోనియా). ఒక్కో ఊళ్ళో రెండు మూడు రోజులు. స్టాక్‌హోమ్‌లో సాయంత్రం ఫెర్రీ ఎక్కితే మర్నాడు పొద్దున హెల్సింకీలో దిగుతారు, ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది. దీవుల మధ్యగా సాగే మొదటి గంటల్లో కేబిన్లో పడుకోకండి, డెక్ మీదే ఉండండి. కొన్ని ఓడల్లో చవక కేబిన్లు కార్ల డెక్‌కి కింద ఉంటాయి, కిటికీ ఉండదు. పెద్దవాళ్ళకి మాత్రం పై అంతస్తులో తీసుకోండి. రాత్రి మధ్యలో ఓలాండ్ దీవుల దగ్గర ఓడ ఎందుకు ఆగుతుందా అనిపిస్తుంది. ఆ దీవులు ఐరోపా యూనియన్ వ్యాట్ (అమ్మకపు పన్ను) పరిధిలో లేవు, అక్కడ ఆగితేనే ఓడలో పన్ను లేని అమ్మకాలకి వీలు. అంతా దుకాణం మహిమ! హెల్సింకీ నుంచి టాలిన్‌కి రెండు గంటలే. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి) లోపలి ప్రయాణమే అయినా పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి.

స్టాక్‌హోమ్‌లో ఒక్కటే చూసే టైముంటే వాసా మ్యూజియం చూడండి. 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే, సుమారు 1,300 మీటర్లు వెళ్ళేసరికి మునిగిపోయిన యుద్ధనౌక ఇది. పైన రెండు వరసల ఫిరంగులు, అడుగున చాలినంత బరువు లేదు. గాలికి ఒరగగానే తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్ళు లోపలికొచ్చాయి. 1961లో పైకి తీశారు. కర్ర పాడవకుండా లోపల చల్లగా, మసకగా ఉంచుతారు కాబట్టి జూలైలోనైనా స్వెటర్ ఉండాలి. తలుపులు తీసే వేళకే వెళ్ళి, ముందు పై అంతస్తుకెక్కి చూస్తూ కిందికి దిగితే గుంపులు తగలవు. 18 ఏళ్ళవరకూ టికెట్ లేదు. నగరం మధ్యలోని స్లుసెన్ రేవు నుంచి అక్కడికి వెళ్ళే చిన్న ఫెర్రీకి మామూలు సిటీ టికెట్టే పనిచేస్తుంది. అది 75 నిమిషాలు చెల్లుతుంది. హెల్సింకీలో సువోమెన్‌లిన్నా కోటకీ అంతే, సిటీ ఫెర్రీ ఎక్కండి, టూరిస్టు పడవ అక్కర్లేదు.

టాలిన్ పాతబస్తీ అంతా రాళ్ళు పరిచిన వీధులు. చక్రాల పెట్టె అక్కడ నడవదు, మోకాళ్ళు అంతకన్నా నడవవు. ట్యాక్సీలో నేరుగా తూంపెయా గుట్ట పైకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఊరంతా చూసి, ఏటవాలు వీధిగుండా టౌన్‌హాల్ కూడలికి నడుచుకుంటూ దిగండి.

స్వీడన్, ఫిన్లాండ్‌లలో జూన్ మూడో నాలుగో వారంలో వచ్చే మిడ్‌సమ్మర్ పండగ శుక్ర, శనివారాలు తప్పించండి. ఊళ్ళు ఖాళీ, దుకాణాలూ మ్యూజియాలూ చాలావరకు మూత. మామూలు వారాల్లో కూడా సోమవారం చాలా మ్యూజియాలు తెరవరు. వాసా మాత్రం తెరుస్తారు.

అన్నం, పెరుగు లేకపోతే గడవని పెద్దలకి సూపర్‌మార్కెట్‌లో 10 శాతం కొవ్వున్న టర్కిష్ యోగర్ట్ తీసుకోండి, పెరుగన్నానికి భేషుగ్గా ఉంటుంది. స్వీడన్‌లో దొరికే ఫిల్‌మ్యోల్క్ మన మజ్జిగకి దగ్గర.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే, ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే షెంగెన్ వీసా దరఖాస్తు. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మధ్యలో షెంగెన్‌లో లేని లండన్ వెళ్ళొస్తే సింగిల్ ఎంట్రీ వీసా అక్కడితో సరి. నగదు అవసరం దాదాపు రాదు. కార్డు యంత్రం 'డాలర్లలో తీసుకోమంటారా' అని అడిగితే ఒద్దనండి, స్వీడన్‌లో క్రోనర్, మిగతా రెండుచోట్లా యూరో ఎంచుకోండి. వాళ్ళిచ్చే మారకపు రేటు మీ బ్యాంకు రేటుకంటే ఎక్కువ పడుతుంది.